జీపు టైర్లు – నేల స్వభావం: ఒక పరిశీలన

ఈ సంచికకు టైర్లను గూర్చి వ్యాసం వ్రాస్తున్నానని తెలిసి మా శాఖ విద్యార్థులు కొందరు నవ్వుకొన్నారు. భౌతిక శాస్త్రం బోధించేవాడు పరమాణువును గూర్చియో నక్షత్రాలను గూర్చియో వ్రాయవలెను గాని, పంక్చర్ దుకాణం ముందు గుట్టగా పడి ఉండే రబ్బరు చుట్టలను గూర్చి వ్రాయడమేమని వారి భావం. నవ్వుటకు వారికి హక్కు ఉన్నది. అయితే నేను ఈ విషయాన్ని ఎన్నుకొనుటకు కారణం కూడ ఉన్నది. అది ముందుగా చెప్పుకొని తరువాత పాఠంలోనికి ప్రవేశిస్తాను.

మన కళాశాలకు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే జీపు ఒకటి ఉన్నది. వృక్షశాస్త్ర శాఖవారు దానిలో నల్లమల అడవులకు వెళ్తారు. జాతీయ సేవా పథకం శిబిరాలకు నంద్యాల వైపు నల్లరేగడి పల్లెలకు అదే పోతుంది. కొన్నేళ్ళ క్రితం దాని టైర్లు అరిగిపోగా, ఎటువంటివి కొనవలెనో చెప్పుమని ప్రిన్సిపాలుగారు నన్ను అడిగినారు. నేను పెద్ద పెద్ద దిమ్మెలు గల బురద టైర్లను, అసలు కొలత కంటె ఒక మెట్టు పెద్దవాటిని సిఫారసు చేసినాను. చూపునకు అవి గంభీరంగా ఉన్నవి. అడవికి పోయే బండికి అడవి టైర్లే ఉండవలెనని నా వాదం. మూడు నెలలు తిరగక ముందే, సన్నని తుంపర పడుతున్న ఒక సాయంత్రం, ఘాట్ రోడ్డు మలుపులో ఆ జీపు జారి కల్వర్టు గోడను కొట్టుకొన్నది. లోపల ఆరుగురు విద్యార్థులున్నారు. ఒకనికి మోచేయి విరిగింది. తక్కినవారికి గీతలతో పోయింది. అందరూ డ్రైవరును నిందించినారు. అతడు మాత్రం నా వద్దకు వచ్చి, "నేను తొందరపడలేదు సార్, తారు మీద టైరు నిలువలేదు" అన్నాడు. అతని మాట నిజమని తెలుసుకొనుటకు నాకు చాల కాలం పట్టలేదు. తప్పు నాది. ఇప్పుడు ఆ టైర్లు మార్చవలసిన సమయం వచ్చింది. ప్రశ్న మరల నా బల్ల మీదికే వచ్చింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను తయారు చేసుకొన్న సమాధానమే.

మొదట టైరు పక్కభాగం మీద అచ్చు వేసిన అంకెలను చదువ నేర్వవలెను. మన జీపు 2010 నుండి 2020 వరకు తయారైన మొదటి తరం మహీంద్రా థార్. దాని టైరు మీద 235/70 ఆర్ 16 అని ఉంటుంది. ఇందులో 235 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అనగా పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులని అర్థం. ఆర్ అనునది రేడియల్ నిర్మాణానికి గుర్తు. 16 రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఒకే వరుసలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు కలసి ఉండడం చూసి విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. ప్రమాణాలను కలగలుపరాదని తరగతిలో మేము చెప్పే నీతి కర్మాగారాల వరకు చేరలేదని అనుకొని ముందుకు సాగుదాం.

లెక్క వేయండి. 235లో నూటికి 70 వంతులు 164.5 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైన ఒకటి, క్రింద ఒకటి, రెండు పక్కగోడలు కలసి 329. పదహారు అంగుళాలు 406.4 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం 735.4 మిల్లీమీటర్లు. నేను వెనుక కొనిపించిన టైరు కొలత 245/75 ఆర్ 16. అదే పద్ధతిలో దాని వ్యాసం 773.9. తేడా 38.5 మిల్లీమీటర్లు, అనగా నూటికి ఐదుకు కొంచెం పైన. ఇందువలన కలిగిన లాభం ఏమి? ఇరుసు నేల నుండి లేచే ఎత్తు ఈ తేడాలో సగం మాత్రమే, రెండు సెంటీమీటర్లు కూడ నిండదు. నష్టమో, ఒకటి కాదు. స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లను లెక్కించి వేగం చూపుతుంది. కనుక ముల్లు 60 చూపినప్పుడు బండి నిజానికి 63 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇరుసు అందించే భ్రామకం మారకుండ చక్రపు వ్యాసార్ధం పెరిగితే, నేల వద్ద లభించే నెట్టుడు బలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. బ్రేకు కూడ పెద్ద చక్రాన్ని నిలుపుటకు ఎక్కువ శ్రమ పడవలెను. పైగా బరువైన టైరు బరువు చక్రపు అంచున ఉంటుంది. జడత్వ భ్రామకం వ్యాసార్ధపు వర్గాన్ని అనుసరిస్తుందని మీరు మొదటి సంవత్సరంలోనే చదివినారు. రెండు సెంటీమీటర్ల కోసం ఇంత మూల్యం చెల్లించినానని ఆనాడు నేను లెక్క వేసి ఉండలేదు. ఇంతేగాక, రిజిస్ట్రేషను వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ విభాగం చెప్పుచున్నది. తయారీదారు అనుమతించిన కొలతలేవో పుస్తకంలో చూచుకొన్న తరువాతనే దుకాణం మెట్టు ఎక్కవలెను.

నాలుగు చక్రాల బండికి ప్రత్యేకమైన ఒక నియమం ఉన్నది. దీనిని చాలమంది పొదుపు కోసం ఉల్లంఘిస్తారు. వెనుక రెండు టైర్లు అరిగినవి, ముందువి ఇంకా కొంత కాలం వస్తవి కదా అని రెండింటినే మార్చడం సామాన్య కారు విషయంలో జరిగే పనియే. జీపులో నాలుగు చక్రాల లివరు వేసినప్పుడు ముందు ఇరుసు, వెనుక ఇరుసు ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకదానితో ఒకటి బిగుసుకొని సమానమైన చుట్లు తిరుగుతవి. ఎడమ, కుడి చక్రాల తేడాను సర్దుటకు డిఫరెన్షియల్ ఉన్నది గాని, ముందు వెనుకల తేడాను సర్దేది ఇటువంటి బండ్లలో ఏదీ లేదు. క్రొత్త టైరుకు, అరిగిన టైరుకు గాళ్ళ లోతులో 7 మిల్లీమీటర్ల తేడా ఉన్నదనుకొందాం. వ్యాసంలో 14, చుట్టుకొలతలో 44 మిల్లీమీటర్లు. మన టైరు కిలోమీటరుకు సుమారు 433 చుట్లు తిరుగుతుంది. అనగా ఒక కిలోమీటరు పోవునప్పటికి వెనుక చక్రాలు ముందు చక్రాల కంటె 19 మీటర్లు ఎక్కువ నడువ జూస్తవి. నడిచే టైరు బరువుకు అణగుతుంది, రేడియల్ టైరులోని ఉక్కు పట్టీల చుట్టుకొలత అరుగుదలతో మారదు. కాబట్టి నిజమైన తేడా ఇంతకంటె తక్కువ. ఐనను తేడా తేడాయే. బురదలో చక్రం కొంత జారి ఈ తేడాను సర్దుకొంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారుటకు వీలులేక, ఆ ఒత్తిడి అంతా ఇరుసుల మీద, పళ్ళ చక్రాల మీద పడుతుంది. లివరు బయటికి రాక బిగుసుకొనిపోవడం ఇందువల్లనే. కనుక నాలుగూ ఒకే కొలత, ఒకే రకం, ఒకే వయస్సు గలవి కావలెను. అదనపు చక్రం కూడ అదే కొలతది కావలెను. ఐదింటినీ వంతులవారీగా మార్చుతూ వాడితే ఐదూ సమానంగా అరుగుతవి.

ఇక అసలు ప్రశ్న. ఎటువంటి గాళ్ళు? దుకాణాలలో మూడు జాతులు చూపుతారు. రోడ్డు కోసం చేసిన హెచ్.టి. టైర్లు, అన్ని నేలలకూ అని చెప్పే ఎ.టి. టైర్లు, బురద కోసం చేసిన ఎం.టి. టైర్లు. ఈ పేర్లు వర్తకులు పెట్టినవి. ఒక కంపెనీ ఎ.టి. మరొక కంపెనీ ఎ.టి. వలె ఉండదు. కాబట్టి పేరును వదలి, దిమ్మెల మధ్య ఖాళీ ఎంత ఉన్నదో కన్నుతో చూడవలెను. ఖాళీ పెరిగిన కొలది మట్టిలో పట్టు పెరుగుతుంది; నేలను తాకే రబ్బరు తగ్గుతుంది. ఎంపిక అంతా ఈ ఒక్క బేరంలో ఉన్నది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక సందేహం అడుగుతాడు. ఘర్షణ బలం తాకిడి వైశాల్యం మీద ఆధారపడదని పాఠ్యపుస్తకంలో ఉన్నది కదా, రబ్బరు ఎంత తాకితే నేమి? ప్రశ్న మంచిదే. ఆ సూత్రం గట్టి వస్తువులకు చాలవరకు సరిపోతుంది. రబ్బరుకు అంతగా సరిపోదు. రోడ్డులోని సూక్ష్మమైన గరుకుల్లోనికి అది దిగి, అణగి, పట్టుకొంటుంది. మెత్తని నేల విషయం మరింత వేరు. అక్కడ జారేది రబ్బరు కాదు, నేలయే తెగిపోతుంది. విద్యుచ్ఛాస్త్రంలో మనకు పరిచితుడైన కూలుంబ్ మహాశయుడు 1773లో పారిస్ శాస్త్ర పరిషత్తుకు సమర్పించిన పత్రంలో మట్టి తెగుటకు కావలసిన బలాన్ని రెండు భాగాలుగా విడదీసినాడు. మట్టి కణాలు ఒకదానినొకటి అంటిపెట్టుకొనే బంధన బలం ఒకటి, కణాల మధ్య ఘర్షణ రెండవది. మొదటిది వైశాల్యంతో పెరుగుతుంది. రెండవది బరువుతో పెరుగుతుంది.

ఈ సూత్రాన్ని మన జిల్లా నేలకు అన్వయించి చూడండి. తడిసిన నల్లరేగడిలో అంతర్ఘర్షణ దాదాపు లేదనుకొని, బంధన బలం చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో అని ఉదాహరణకు తీసుకొందాం. ఒక చక్రం మీద 500 కిలోల బరువు. తాకిడి వైశాల్యం 222 చదరపు సెంటీమీటర్లైతే నేల ఇచ్చే నెట్టుడు 22 కిలోలు. వైశాల్యం రెట్టింపైతే 44. అదే చక్రం వాగులోని పొడి ఇసుక మీద ఉన్నదనుకొందాం. అక్కడ బంధనం లేదు, ఘర్షణ కోణం సుమారు 30 డిగ్రీలు. నెట్టుడు 289 కిలోలు. వైశాల్యంతో నిమిత్తం లేదు. అట్లయితే ఇసుకలో బండి ఎందుకు దిగబడుతుంది? నెట్టుడు లేక కాదు. చక్రం క్రుంగి, తన ముందున్న ఇసుక గట్టును తానే ఎక్కలేక ఆగుతుంది. ఇసుకలో లోతైన దిమ్మెల టైరు గుంత త్రవ్వే పలుగు వలె పనిచేస్తుంది. అక్కడ బురద టైరు కంటె మామూలు టైరు, గాలి తగ్గించినది, మేలు.

నల్లరేగడి సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అందులోని మాంట్‌మోరిల్లోనైట్ అను ఖనిజం నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఎండలో నెర్రెలు విచ్చిన నేలయే వానలో బంకగా మారి చెప్పులను లాగివేస్తుంది. ఆ బంక టైరు గాళ్ళలో నిండిన తరువాత ఎంత ఖరీదైన టైరైనను నున్నని మట్టి చక్రమే. ఖాళీలు వెడల్పుగా ఉన్న టైరు వేగంగా తిరిగినప్పుడు ఆ మట్టిని విసిరివేయగలదు. బురద టైరు గొప్పతనం ఇక్కడ నిజంగా ఉన్నది, దానిని నేను కాదనను. పై బురద పలుచనై క్రింద గట్టి నేల ఉన్నచోట సన్నని టైరు బురదను కోసి గట్టి నేలను అందుకొంటుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుకు 6.00-16 కొలత గల సన్నని టైర్లుండేవి. వాటి దిమ్మెలు ముందుకు, వెనుకకు ఒకే విధంగా పట్టు నిచ్చేటట్లు అమర్చినవి. ట్రాక్టరు టైరు బాణపు గుర్తు వలె ఒక దిక్కుకే పనిచేసేది కాదు. దిగబడిన బండి వచ్చిన దారినే వెనుకకు రావలసి ఉంటుందని ఆ టైరు చేసినవానికి తెలుసు.

ప్రసంగవశాత్తు ఒక మాట. నేలకు, చక్రానికి గల సంబంధాన్ని ఒక శాస్త్రంగా పెంచినవారిలో బెక్కర్ అను పోలండు దేశీయుడు ముఖ్యుడు. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుని మీద నడిపిన వాహనం రూపకల్పనలో ఆయన పాత్ర ఉన్నది. దాని చక్రాలలో గాలి లేదు, రబ్బరు లేదు. ఉక్కు తీగెల వల, పైన టైటానియం పట్టీలు. మానవుడు చంద్రునికి పోయినా నేల ఏ రకమో ముందు తెలుసుకొనియే చక్రం చేసుకొన్నాడు.

మన జీపు లాగ్ పుస్తకాన్ని తీసి, ఒక సంవత్సరపు ప్రయాణాలను డ్రైవరును ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివినాను. ఈ పని వెనుకటిసారి చేయలేదు. తిరిగినదానిలో అత్యధిక భాగం తారు రోడ్డే. తరువాత అడవిలోని రాతి బాట. నల్లరేగడి బురద ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే. ఆ కొద్ది రోజుల కోసం తక్కిన కాలమంతా తడి రోడ్డు మీద సగం పట్టుతో పిల్లలను త్రిప్పినానన్నమాట. బురద టైరులో రోడ్డును తాకే రబ్బరు తక్కువ. పొడవైన దిమ్మెలు మలుపులో ఒత్తిడికి వంగుతవి. సన్నని నీటి పొరను కోసే చిన్న చీలికలు వాటికి తక్కువగా ఉంటవి. నాలుగు చక్రాల శక్తి ఉన్నది గదా అనవచ్చును. అది బండిని కదలించుటకు పనికివస్తుంది గాని, ఆపుటకు కాదు. బ్రేకు వేసిన క్షణంలో ప్రతి బండీ నాలుగు చక్రాల బండియే, ప్రతి బండికీ టైరు పట్టు ఒక్కటే ఆధారం.

రాతి బాటకు కావలసినది వేరు. నల్లమలలో క్వార్ట్జైట్ శిలలు పగిలి కత్తుల వలె అంచులు తేలి ఉంటవి. అవి టైరు నడినెత్తిని కాక పక్కగోడను కోస్తవి. పాత క్రాస్‌ప్లై టైరులో దారాలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి పరచి ఉండేవి గనుక పక్కగోడ మందంగా ఉండేది. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొందిన రేడియల్ పద్ధతిలో దారాలు అంచు నుండి అంచుకు తిన్నగా పోతవి, నడినెత్తి క్రింద ఉక్కు పట్టీలుంటవి. అందుచేత రోడ్డు మీద పట్టు, మన్నిక పెరిగినవి, పక్కగోడ పలుచనైనది. చినిగిన పక్కగోడకు నమ్మదగిన మరమ్మతు లేదు. కాబట్టి ఎ.టి. టైర్లలోనే పక్కగోడ బలంగా ఉన్నదానిని వెదకవలెను. అట్లని పది ప్లైల లారీ తరహా టైరు వేసుకొంటే తేలిక బండిలో అది వంగదు, ఎముకలు కదలుతవి. బరువు సూచిక చూచుకొంటే చాలు. 100 అని ఉంటే ఒక టైరు 800 కిలోలు మోయగలదు, 105 అయితే 925. ఆ ప్రక్కనున్న అక్షరం వేగపు హద్దు. క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్లు, ఎస్ అంటే 180. ఘాట్ రోడ్డులో మనకు వీటితో పని పడరాదు. మంచు పర్వతపు బొమ్మ ఉన్న టైరుకు ఎక్కువ ధర చెల్లించనవసరం లేదు; మన జిల్లాలో మంచు కురిసిన రోజున ఆలోచించవచ్చును.

గాలిని గూర్చి చెప్పక ఈ పాఠం పూర్తి కాదు. నా అభిప్రాయంలో టైరు ఎంపికలో సగం గాలి కొలతలోనే ఉన్నది, పైగా దానికి ఖర్చు లేదు. టైరు మోసే బరువును లోపలి ఒత్తిడితో భాగిస్తే తాకిడి వైశాల్యం స్థూలంగా వస్తుంది. చదరపు అంగుళానికి 32 పౌండ్లు అనగా చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోలు. 500 కిలోల బరువుకు 222 చదరపు సెంటీమీటర్లు. గాలిని 16 పౌండ్లకు తగ్గిస్తే 444. పైన నల్లరేగడి లెక్కలో రెట్టింపు వైశాల్యం ఎక్కడి నుండి వచ్చినదో ఇప్పుడు తెలిసి ఉండును. వెడల్పైన టైరు కొనకుండగనే వెడల్పు లభించినట్లు. నిజానికి పెరిగేది ముఖ్యంగా పొడవు. కాని తగ్గించిన గాలితో తారు రోడ్డు ఎక్కరాదు. ప్రతి చుట్టులోను పక్కగోడ వంగి లేస్తూ వేడెక్కుతుంది. ఆ వేడికి పొరలు విడిపోయి టైరు పగులుతుంది. పదిహేను పౌండ్ల కంటె దిగువకు పోతే ట్యూబులేని టైరు మలుపులో రిమ్మును వదలే ప్రమాదం ఉన్నది. కనుక గాలి తగ్గించేవాని వద్ద కొలిచే గేజి, మరల నింపే పంపు రెండూ ఉండవలెను. మన బండికి ఈ రెండూ ఇంతవరకు లేవు. నాలుగు టైర్ల ధర ముందు వీటి ధర ఏపాటిది?

గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టమే టైరును తీసివేయమన్నది. గాళ్ళ అడుగున ఆ ఎత్తుకు చిన్న గట్లు పోసి ఉంటవి. దిమ్మెలు వాటితో సమమైతే ఆయువు తీరినట్లే. బురదలో ఐతే అంతకు చాల ముందే తీరుతుంది. కాని అరగని టైరు కూడ ముసలిదౌతుంది. గాలిలోని ఆక్సిజను, ఓజోను, మన ఎండలు రబ్బరును గట్టిపరచి పగుల్చుతవి. పక్కగోడ మీద కోడిగ్రుడ్డు ఆకారపు చట్రంలో నాలుగు అంకెలుంటవి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఆరేళ్ళు దాటితే మార్చుమని కొందరు కారు తయారీదారులు, ఎట్టి పరిస్థితిలోను పదేళ్ళు మించరాదని పలువురు టైరు తయారీదారులు చెప్పుచున్నారు. కళాశాల జీపు వంటి బండ్లు తక్కువగా తిరుగుతవి, సెలవులలో ఎండకు నిలబడతవి. వాటికి అరుగుదల కంటె వయస్సే పెద్ద శత్రువు.

ఇట్లు ఆలోచించి అసలు కొలతలోనే, 235/70 ఆర్ 16, మధ్యరకం ఖాళీలు గల ఎ.టి. టైర్లు ఐదు, ఒక గేజి, ఒక పంపు కొనవలెనని వ్రాసి ఇచ్చినాను. బురద రోజులలో పల్లెకు రెండు కిలోమీటర్ల ముందే బండి ఆపి నడచిపోవుటకు శిబిరం విద్యార్థులు సిద్ధపడవలెనని కూడ అదే కాగితంలో చేర్చినాను. ఈ వాక్యం చదివి ప్రిన్సిపాలుగారు నవ్వినారు గాని కొట్టివేయలేదు. టైర్లు బిగించేనాడు నేనూ దుకాణం వద్ద నిలబడినాను. ఉస్తాదు ఒక్కొక్కటే దొర్లించి తెచ్చినాడు. నాలుగింటి మీద ఒకే ఏడాది అంకెలున్నవి. ఐదవది మూడేళ్ళ పాతది. అదనపు చక్రమే కదా సార్, ఎవరు చూస్తారని అతడన్నాడు. మన డ్రైవరు వంగి ఆ అంకెలు తానే చదివి, దానిని వెనుకకు దొర్లించినాడు.